కబురు మోసే కొలువు

బొగ్గు బాయి కంపెనీలో దశరథం పైకి వచ్చిన తీరు చూసి కుళ్లుకున్నవాళ్లు చాలామందే. కుళ్లుకోనీండి! అతను ఎవరి కాళ్లూ పట్టలేదు, ఎవరి మీదా చాడీలు చెప్పలేదు. పెద్దపల్లి దగ్గర మగ్గం మీద బతికే ఇంట్లో పుట్టి, నాలుగు అక్షరాలు నేర్చుకుని, గోదావరి దాటి వచ్చి హాజరు గుమాస్తాగా చేరాడు. పదేళ్లు తిరిగేసరికి వెల్ఫేర్ ఆఫీసరయ్యాడు. అదంతా ఒకే ఒక్క పని బాగా చేసినందుకు. బాయిలో ఎవరైనా చనిపోతే వాళ్లింటికి వెళ్లి చెప్పి రావడమే ఆ పని.

మొదటిసారి అది అనుకోకుండా నెత్తిన పడింది. గనిలో పైకప్పు కూలి ఒక కూలీ పోయాడు. ఇంట్లో చెప్పడానికి వెళ్లాలంటే ఆఫీసులో అందరికీ వణుకే. అంతకుముందు వెళ్లినతన్ని జనం తరిమికొట్టారు మరి. దశరథానికి మాత్రం ఆ ఇంటి ఆడమనిషి తలపుకొచ్చింది. తనే వెళ్లాడు. గడపలో కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు. "మంచిగనే ఉన్నడక్కా, జర దెబ్బ తాకింది" అని మొదలుపెట్టి, మెల్లమెల్లగా అసలు సంగతికి వచ్చాడు. ఆమెతో పాటు తనూ ఏడ్చాడు. కాష్టం కాలేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ఇంటివాళ్లు ఒక్కరు కూడా ఆఫీసు గేటు ముందుకొచ్చి అరవలేదు. పైవాళ్లకు కావలసింది అదే.

ఇక వదులుతారా? ప్రతి చావుకూ దశరథాన్నే పంపేవారు. గుమాస్తా కాస్తా పెద్ద గుమాస్తా అయ్యాడు, ఆ తర్వాత అసిస్టెంటయ్యాడు. మొదట్లో తనంతట తాను వచ్చిన ఏడుపు, రానురాను పిలిస్తే రావడం మొదలుపెట్టింది. అది గమనించిన రోజు అతనికి అన్నం సయించలేదు. కూలీల ఇళ్ల లైన్లలో అతని సైకిలు కనబడితే చాలు, ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకునేవారు. ఆఫీసరునైతే కుర్చీలో కూర్చుని ఇంకొకరిని పంపొచ్చు, ఈ పీడ విరగడైపోతుంది అని ఒక్కటే ఆశ పెట్టుకుని బతికాడు పాపం.

ఆ లైన్లలోనే అతని చెల్లెలు అనసూర్య కాపురం. ఆమె భర్త ఇస్తారి బాయిలో దిగి పనిచేస్తాడు. ఆ ఇంటికి వెళ్లాలంటే దశరథం ముందురోజే ఇస్తారితో చెప్పి పంపేవాడు. ఊరికే వస్తున్నానని తెలియాలి కదా! ఎన్నడూ తప్పలేదు ఆ జాగ్రత్త.

ఆఫీసరుగా ఆర్డరు అందిన రోజు మాత్రం సంతోషంలో ఒళ్లు మరిచాడు. జిలేబీలు కట్టించుకుని, మధ్యాహ్నం పూట, ఇస్తారి ఇంకా బాయిలో ఉండగానే, నేరుగా చెల్లెలింటికి సైకిలు తొక్కాడు.

అనసూర్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అన్నను చూసింది. చేతిలో చాట జారింది.

"అన్నా... ఎట్లయింది?"

"అయ్యో, ఏం కాలేదే! ఇస్తారి మంచిగనే ఉన్నడు!"

ఏ నోటితో అన్నాడో ఆ మాట! లైను లైనంతా విని ఉన్న మాట అది. ఆ మాట తర్వాత ఏం వస్తుందో అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అనసూర్య కెవ్వుమని రెండు చేతులూ ద్వారబంధానికేసి కొట్టుకుంది. గాజులు పగిలి ముంజేతులు నెత్తురోడాయి. పక్కింటి నాగవ్వ పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుని శోకం మొదలుపెట్టింది. మిగతా ఆడవాళ్లు గొంతు కలిపారు.

"నాకు ప్రమోషన్ వచ్చిందే! గదే చెప్పుదామని వచ్చిన! నీకు దండం పెడుత, నమ్మే!" అని దశరథం గొంతు చించుకున్నాడు. ఏడుపు కూడా వచ్చింది. ఆ ఏడుపు చూసి వాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. ఇన్నేళ్లుగా ఎంత బాగా అబద్ధం చెప్పాడో అతనికి అప్పుడు అర్థమైంది.

షిఫ్టు దిగి, మొహం నిండా బొగ్గుతో ఇస్తారి నడిచి వచ్చేదాకా ఎవరూ నమ్మలేదు.

"మొగడు బతికుండంగ గాజులు పలగ్గొట్టుకుంటివి గదనే బిడ్డా, ఎంత అపశకునం!" అని నాగవ్వ నెత్తి కొట్టుకుంది. ఇస్తారి నీళ్లు తెచ్చి ఆ నెత్తురు కడిగాడు. పెళ్లాం చేతులకు గుడ్డ చుట్టి, గోడకానుకుని కూర్చున్నాడు. బావను తిట్టినా బాగుండేది.

అనసూర్య అన్న వైపు తిరిగింది.

"అన్నా, నాకొక్క మాట ఇయ్యి. ఈనకు ఏమన్న అయితే ఎవలన్న రానీ, నువ్వు మాత్రం రాకు. నీ నోట్లెకెళ్లి నేను వినలేను."

"ఇగ నేను ఎవలింటికీ పోనే. ఆఫీసర్నైన. ఫికర్ చెయ్యకు, నీ మీద ఒట్టు" అని ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లి, ఇళ్లకు పోవడానికి వేరే మనిషిని పెట్టమని అడిగాడు. కోస్తా నుంచి వచ్చిన మేనేజరు పెద్దగా నవ్వాడు.

"భలేవాడివయ్యా! ఆ కుర్చీ నీకెందుకిచ్చామనుకున్నావు? గుమాస్తా వెళితేనే జనం అంత నెమ్మదిగా ఉన్నారు, ఆఫీసరే గడప తొక్కాడంటే ఇంకెంత మర్యాద! నీవల్ల కాదంటే చెప్పు, కుర్చీకి మనుషులు దొరక్కపోరు."

దశరథానికి మళ్లీ గుమాస్తాల బల్ల దగ్గరికి వెళ్లడం తలుచుకుంటేనే ప్రాణం పోయినట్టనిపించింది.

"ఒక్క ఇల్లు వదిలెయ్యండి సార్. మా చెల్లెలి ఇల్లు."

"సొంత చెల్లెలికే ధైర్యం చెప్పలేనివాడివి, ఊళ్లో ఆడవాళ్లకేం చెబుతావు? అసలు ఆ ఇంటికి నువ్వే వెళ్లాలి."

"సరే సార్" అన్నాడు దశరథం. అంత తేలిగ్గా ఆ మాట వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు. మళ్లీ ఆ లైనుకు ఊరికే ఎన్నడూ పోలేదు. ఇస్తారి చల్లగా ఉండాలని మాత్రం రోజూ కొండగట్టు అంజన్నకు మొక్కుకునేవాడు. ఆ మొక్కులో సగం చెల్లెలి కోసం, సగం ఉద్యోగం కోసం.