తాయారు గొంతు, సొట్ట గొట్టం

నేను ఒక మైకు గొట్టాన్ని. చేతిలో పట్టుకునేది మైకు, ఆటో నెత్తినెక్కి అరిచేది నేను. పేరు దానిది, తిట్లు నావి. ఎవరినైనా తీసిపారేయాలంటే "వాడో పెద్ద గొట్టంగాడు" అంటారు కదా మీరు! అనుకోండి, నాకేం? ఈ పాలకొల్లులో నా అరుపు వినకుండా పెరిగినవాళ్ళెవరైనా ఉంటే నా ఎదురుగా వచ్చి నిలబడి ఆ మాట అనమనండి, చూద్దాం.

నేను పుట్టింది ఉత్తరాదిలో ఎక్కడో ఒక రేకుల షెడ్డులో. పలచటి అల్యూమినియం రేకును గిరగిరా తిప్పుతూ కర్రతో నొక్కి, నోరు వెడల్పు చేసి, బూడిదరంగు పూసి, గడ్డిలో చుట్టి లారీ ఎక్కించారు. ఇక్కడ నన్ను మొదట కొన్నది ఒక టెంటుహౌసు ఆసామి. పెళ్ళిళ్ళలో నాదస్వరం నేనే, వినాయక చవితికి హరికథ నేనే. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాని శత్రుపార్టీకి. ఇద్దరూ ఒకే వీధికి ఒకే కుళాయి ఇస్తామని నా నోటితోనే చెప్పారు. ఆ కుళాయి ఇంకా రాలేదు లెండి. ఒక ఊరేగింపులో ఎవడో వీరావేశంతో కర్రసాము చేస్తూ నా అంచు మీద ఒక్కటిచ్చాడు. అప్పుడు పడ్డ సొట్ట ఇదిగో, ఇంతవరకూ పోలేదు. ఆ సొట్ట చూసే టెంటుహౌసువాడు నన్ను తక్కువకి చంద్రరావుకి వదిలించుకున్నాడు.

వానపల్లి చంద్రరావు అంటే సూర్యా పబ్లిసిటీస్ అధిపతి. బట్టల కొట్లకీ, సర్కసులకీ, కొత్త సినిమాలకీ ఆటోల మీద ప్రచారం చేయించడం ఆయన వ్యాపారం. కొత్త ఖాతాదారు ఎవరొచ్చినా సరే, కాఫీ కంటే ముందు తన కథ పోస్తాడు. "ఆ రోజుల్లో నా దగ్గరేవుందండీ? ఒక సైకిలు, ఒక రేకు గరాటు!" నేను మొదటిసారి విన్నప్పుడు ఆ సైకిలు భీమవరం దాకా వెళ్ళింది. మరుసటి ఏడాదికి ఏలూరు చేరింది. ఆఖరికి దాని చక్రాల్లో గాలి కూడా లేదు, ఆయన కడుపులో మెతుకు కూడా లేదు. వినేవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. నేను మాత్రం ఆయన అలవాటు చూశాను. చంద్రరావు కుర్చీ దిగడు. తన ఆటోలు వీధిలో ఏం అరుస్తున్నాయో చెవిపెట్టి విన్న పాపాన పోలేదు. మనిషి ఏమిటో తెలియాలంటే వాడు చెప్పే కథ వినకండి, రోజూ చేసే పని చూడండి. ఇది గొట్టం మాట, రాసుకోండి.

ఆ చంద్రరావు దగ్గర ఆటోలో కూర్చుని మైకు పట్టి చెప్పే మనిషి చిట్టూరి మంగతాయారు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి. తీయని గొంతు కాదు, కాస్త జీర. కానీ వింటే పక్కింటి వదిన గోడ మీంచి పిలిచినట్టుండేది. ఆడవాళ్ళు చేతిలో గరిటతోనే గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. "మీ తాయారు చెబుతున్నానమ్మా" అంటే చాలు, ఆ సరుకు అమ్ముడుపోయినట్టే.

ఒక వేసవిలో చంద్రరావు ఆమెను గదిలో కూర్చోబెట్టి పండగలకీ, డిస్కౌంట్లకీ, ఆషాఢానికీ, శ్రావణానికీ పనికొచ్చే మాటలన్నీ చెప్పించి కంప్యూటర్లో ఎక్కించాడు. అంతా అయ్యాక ఓ పెన్‌డ్రైవ్ వేలికి తగిలించుకుని ఊపుతూ అన్నాడు.

"నీ గొంతు నా దగ్గరే ఉంది తాయారూ. ఇంక నువ్వెందుకు చెప్పు?"

"గొంతు నాదండి," అంది తాయారు.

"నా ఆఫీసులో, నా మైకులో చెప్పావు. నీదెలా అవుద్ది?" అని నవ్వి, మూలనున్న నన్ను చూపించాడు. "పోతూ పోతూ ఆ సొట్ట గొట్టం పట్టుకుపో. గుర్తుగా ఉంటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాయారు బిందెను ఎత్తుకున్నట్టు నన్ను చంకనెత్తుకుని నడివీధిలో నడిచి ఇంటికి తీసుకుపోయింది. ఎవరైనా చూస్తారేమోనని కొంగు కూడా కప్పలేదు.

మొన్న ఒక కాలేజీవాళ్ళు ఆమెను పిలిచి, శాలువా కప్పి, ఏజెన్సీ పెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, "చిన్నప్పటినుంచీ నా కలండి" అని చెప్పిందట. కల లేదు, గాడిదగుడ్డూ లేదు! ఒళ్ళుమంట. ఆ రోజు చంద్రరావు నవ్వకపోయి ఉంటే 'తాయారు ప్రచారం' అనే ఏజెన్సీ ఈ భూమ్మీద ఉండేది కాదు. ఆయనేమో, "మొదటి గొట్టం ఇచ్చి దాన్ని నిలబెట్టిన గురువుని నేనే" అని చెప్పుకుంటున్నాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

ఆఫీసు ఆమె ఇంటి అరుగు. బండి ఎదురింటి దావీదు బాబాయిది, తోలేదీ ఆయనే. ఆయన పాత ఆటో, నా సొట్ట, ఆమె జీర గొంతు, మా ముగ్గురిలో ఒక్కటీ సవ్యంగా లేదు. తాయారుకి ఒక మొండి అలవాటుంది. కంటితో చూడందే మైకులో చెప్పదు. చంద్రరావు దగ్గర రాసిచ్చిన కాగితం చదవాల్సి వచ్చినప్పుడల్లా లోపల కుతకుతలాడిపోయేదట. మొదటి పని ఒక గానుగ నూనె మిల్లుది. ఆ మిల్లు యజమాని వీర్రాజు గారి దగ్గరికి పోయి, గానుగ పక్కన పీట వేసుకుని కూర్చుని, నువ్వులు పోయడం దగ్గర్నుంచి నూనె కారేదాకా చూసింది. అరచేతిలో పోయించుకుని నాకింది. ఇంటికి తెచ్చి పులిహోర కలిపి దావీదు బాబాయికి పెట్టింది. అప్పుడుగానీ ఆటో ఎక్కలేదు. ఎక్కి ఏమందో తెలుసా?

"అసలైన గానుగ నూనేనమ్మా, నేను చూశాను. వాసన మాత్రం ఘాటుగా ఉంటాది. ప్యాకెట్టు నూనెకి అలవాటు పడ్డోళ్ళకి మొదట నచ్చదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకండి!"

వీర్రాజు గారు పంచె ఎగ్గట్టుకుని ఆటో వెంట పరిగెత్తారు. "ఓసి తల్లీ, ప్రచారం చెయ్యమన్నానా, నా పరువు తియ్యమన్నానా?" అని. వారం తిరక్కుండా ఆయనే గుమ్మంలోకి వచ్చి ఒక డబ్బా నూనె పెట్టి వెళ్ళారు.

ఇంకేం, కథ సుఖాంతం అనుకున్నారా? ఆగండి. ఆషాఢం వచ్చింది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి బట్టల కొట్లు తగ్గింపు ధరలు పెడతాయి. మెయిన్ బజారులో గ్రంధి రామలింగయ్య గారి చీరల కొట్టు ప్రచారం చంద్రరావుకి పోయింది. ఆయన పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఇంక చూడండి, ఊరంతా తాయారు గొంతే! "అక్కల్లారా, చెల్లెళ్ళారా, మీ తాయారు చెబుతున్నాను, ఈరోజే ఆఖరు రోజు, ఆలసించిన ఆశాభంగం!" మర్నాడూ అదే ఆఖరు రోజు. ఆ మర్నాడూ అదే. పనులు మానుకుని, మొగుళ్ళతో పోట్లాడి పరిగెత్తుకెళ్ళిన ఆడవాళ్ళకి అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళు చంద్రరావుని ఏమంటారు? ఆ గొంతు ఎవరిదో వాళ్ళకు తెలుసు. కూరగాయల మార్కెట్లో తాయారుని నిలబెట్టేశారు.

"ఏమ్మా తాయారూ, నీకెన్ని ఆఖరు రోజులే? నోరా అది, తాటిమట్టా?"

"అది నేను కాదక్కా!" అంది తాయారు.

"నువ్వు కాకపోతే నీ దెయ్యమా?"

ఆ రోజు ఇంటికొచ్చి నా పక్కనే అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఏడవదా మరి? రమ్మన్న కొట్లవాళ్ళు ఒక్కొక్కరే వద్దన్నారు. నీ గొంతు అక్కడ చవగ్గా దొరుకుతోంది, పైగా నమ్మేవాళ్ళు లేరు అన్నారు. వేరే మనిషి పోటీకొస్తే మనిషి తట్టుకుంటాడు. తన గొంతే తన నోటి దగ్గర కూడు లాక్కుంటే ఎవరితో దెబ్బలాడాలి? ఊళ్ళో ఆమెకున్న ఆస్తి ఒక్కటే, తాయారు చెబితే నిజం అనే మాట. అది పోతే ఏజెన్సీ లేదు, తాయారూ లేదు.

మరునాడు మెయిన్ బజారులో ఒక లారీ అడ్డంగా నిలబెట్టి ఉల్లిపాయల బస్తాలు దింపుతున్నారు. ఇటునుంచి మేము, అటునుంచి చంద్రరావు ఆటో. ముందుకీ వెనక్కీ కదలడానికి లేదు. దాని నెత్తిన కొత్త గొట్టం, నిగనిగలాడుతూ నా ముఖం మీదే అరుస్తోంది. "మీ తాయారు చెబుతున్నాను, ఈరోజే ఆఖరు రోజు!" రోడ్డుకి అటూ ఇటూ జనం మావైపు చూసి ముసిముసి నవ్వులు. దావీదు బాబాయి, "మైకు జోలికి పోకమ్మా, పరువు పోతోంది" అన్నాడు.

తాయారు మైకు అందుకుంది. నా గుండె, అదే నా లోపలి రేకు, జల్లుమంది.

"ఏ తాయారు తల్లీ నువ్వు?" అని అడిగింది తన గొంతునే.

"త్వరపడండి! త్వరపడండి!" అంది అది.

"పడతాంలే. నిన్నా ఆఖరు రోజే అన్నావు, మొన్నా అన్నావు. సిగ్గులేదా?"

"నాణ్యతకు మారుపేరు! నమ్మకానికి చిరునామా!"

బజారంతా గొల్లుమంది. బస్తాలు మోసేవాళ్ళు బస్తాలు దింపేసి నిలబడ్డారు. చంద్రరావు డ్రైవరు ఆపుదామని కంగారులో బటన్లు నొక్కితే సౌండు ఇంకా పెరిగింది. తాయారు ఊరుకోలేదు. "చీర రంగు పోద్దా, పోదా? అది చెప్పు!" అంది. "రండి, రండి, రండి!" అంది ఆ గొంతు. ఒక మేడ మీంచి ఎవరో ఆవిడ వంగి, "దాన్నడుగుతావేంటే, నువ్వు చెప్పు తాయారూ! పోద్దా?" అని కేకేసింది.

"చూడలేదక్కా. చూసొచ్చి చెప్తాను!"

ఆటో దిగి తిన్నగా రామలింగయ్య గారి కొట్లోకి నడిచింది. వెనకాలే జనం. ఆయన ముఖం చూడాలి! కొట్టునిండా మనుషులు, అందరి కళ్ళూ ఆయన మీదే. వద్దంటే రంగు పోతుందని ఒప్పుకున్నట్టే. చెంబుతో నీళ్ళు తెప్పించారు. తాయారు ఒక్కో రకం కొంగు తడిపి, తన తెల్ల చేతిరుమాలు మీద రుద్ది, బయటికొచ్చి మైకు పట్టింది.

"అమ్మా, ఎర్ర చీరలు రంగు పోతాయి. మిగతావి పోవు, నేను తడిపి చూశాను. తగ్గింపు ఆషాఢం అయ్యేదాకా ఉంటాదని రామలింగయ్య గారే చెప్పారు. హడావుడి పడి పిల్లల్ని వదిలేసి రాకండి. ఇది చెప్తున్నది తాయారు. మీ ఎదురుగా ఉన్నాను, అడగండి!"

అబ్బ, ఆ పూట నేను అరిచిన అరుపు! పెళ్ళిళ్ళలో, ఎన్నికల్లో ఏనాడూ అలా అరవలేదు. నా సొట్ట దగ్గర రేకు బిగుసుకుని గంటలా మోగింది. అటు చంద్రరావు గొట్టం ఎప్పటికో నోరు మూసింది. ఎర్ర చీరలు కొట్లోనే ఉండిపోయాయి, మిగతావి సాయంత్రానికి ఖాళీ. రామలింగయ్య గారు మెచ్చుకున్నారా అంటే, లేదు. కోపంతో ఆ ఏడాదంతా మాట్లాడలేదు. పై ఆషాఢానికి మనిషిని పంపించి, "ఎర్రవాటి సంగతి చెప్పనంటే పని నీకే" అన్నారు. "అయితే వద్దండి," అంది తాయారు. ఆయన ఎర్రవి తెప్పించడం మానేసి మళ్ళీ కబురు పెట్టారు.

ఇప్పుడు తాయారుకి మూడు ఆటోలు, చెప్పడానికి ముగ్గురు ఆడవాళ్ళు. నేను ముసలాణ్ణయ్యాను. అరుగు గోడకి మేకు కొట్టి నన్ను తగిలించారు. దసరాకి బొట్టు పెట్టి బంతిపూలు వేస్తారు, మిగతా రోజుల్లో పిచ్చికలు గడ్డి కుక్కుతాయి. అయినా నా ఆఖరి ప్రయాణం సంగతి చెప్పి మరీ ముగిస్తాను.

ఒక ఏడాది తాయారు గొంతులో కాయలాంటి గడ్డ లేచింది. డాక్టరు కోసి తీసేసి, చాలాకాలం నోరు విప్పొద్దన్నాడు, విప్పినా పాత గొంతు వస్తుందని చెప్పలేనన్నాడు. కొట్లవాళ్ళు గోల పెట్టారు, మాకు తాయారు గొంతే కావాలని. చివరికి చంద్రరావు తనే వచ్చి, కుర్చీ దిగి అరుగెక్కి, ఆ పాత పెన్‌డ్రైవ్ ఆమె ముందు పెట్టాడు. "నీదే, తీసుకో. దీన్ని వేసుకుని బతికిపో" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. తాయారు దాన్ని తీసుకుంది, ఆయనకి దణ్ణం పెట్టింది, ఆయన చూస్తుండగానే రోట్లో వేసి పచ్చడిబండతో నూరేసింది.

మర్నాడు ఆటో మీద నన్నే కట్టించింది. రొయ్యల షెడ్డులో పని మానేసి వచ్చిన రమణ అనే పిల్ల చేతికి మైకిచ్చింది. రమణది మోటు గొంతు. దానికది సిగ్గు. అందుకని పాపం, రాత్రంతా సాధన చేసి అచ్చం తాయారులా జీరతో, "మీ తాయారు చెబుతున్నానమ్మా" అని మొదలెట్టింది. తాయారు చేయి చాపి స్విచ్చి కట్టేసింది. రమణ బిత్తరపోయి మళ్ళీ మొదలెట్టింది, ఈసారి ఇంకా అచ్చంగా. మళ్ళీ కట్టేసింది. కొట్టు యజమాని గుమ్మంలోకొచ్చి చూస్తున్నాడు. వీధిలో జనం ఆగారు. మూడోసారి తాయారు స్విచ్చి వేసి చేయి తీసేసింది. రమణకి తిక్క రేగింది.

"ఏటక్కా నీ గోల! మరెలా చెప్పమంటావ్! నాకున్నదీ గొంతే!"

అది నా నోట్లోంచి వీధి చివరిదాకా పోయింది. కాకులు లేచాయి. రమణ నాలిక్కరుచుకుంది. తాయారు మాత్రం చప్పుడు లేని నవ్వు నవ్వుతూ, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, అదే, అలాగే అని రెండు చేతులూ ఊపుతోంది.