మహేసు తువ్వాల

బోట్లు ఒడ్డుకొచ్చీసరికి గురువమ్మ జెట్టీ మీద ఉంటాది. వంజరం సేపో, నెత్తల్లో, ఏది దొరికితే అది గంపకెత్తుకుంటాది. కోడలు మధులత తువ్వాలని గుండ్రంగా సుట్టి, సుట్టకుదురు సేసి అత్త తలమీద పెడతాది. దానిమీద గంప ఎత్తుతాది. అప్పుడు తువ్వాల కొస మెల్లిగా కిందకి జారి, గురువమ్మ మెడకి ఓ సుట్టు తిరిగి, బుజం మీద సెయ్యేసినట్టు ఆగుతాది.

"మీవోడు లేసినాడేటప్పా?" అని ఐసు కొట్టీ దేవి అడుగుతాది.

"లేసినాడమ్మా. ఈయాల కుసింత బద్దకంగున్నాడు," అని గురువమ్మ ఆటో ఎక్కుతాది.

అది ఆవిడ కొడుకు తువ్వాల. ఉమామహేష్ అని పేరెట్టినారు గానీ, అందరికీ మహేసే. సిన్నప్పట్నుంచీ అంతే, తల్లి గంప దించితే సాలు, ఎనకనుంచొచ్చి మెడకి సుట్టుకునీవోడు. మీసాలొచ్చినా మాన్లేదు. "పెల్లాం నవ్వతంది, ఒగ్గరా" అంటే, "నవ్వనీయే" అనీవోడు.

కిందటి వానల్లో ఏటకెల్లిన బోటు తిరగబడిపోయింది. మిగతావోల్లు ఈదుకొచ్చినారు. మహేసు రాలేదు. ఆడి ఒల్లు కూడా దొరకలేదు. కడుపు ఊరుకోదు కదా, కొన్నాల్లకి గురువమ్మ మల్లీ గంపెత్తుకుందారని, మేకుకి ఏలాడతన్న ఆడి తువ్వాల తీసి తలమీద పెట్టుకుంది. అది మెడకి సుట్టుకుంది. జాలారిపేటలో ఎవులూ ఆచ్చిర్యపోలేదు. మహేసు కదా, మరింకేటి సేత్తాడు అన్నారు. అది సుట్టుకుంటే గంప బరువే తెలీదు గురువమ్మకి.

మధులత సేతిలో మట్టుకు అది ఉట్టి గుడ్డే. ఉతికేది, ఆరేసేది, ఎవులూ లేనప్పుడు మొకానికి అద్దుకునేది. కదిలీది కాదు.

"ఆయనకి నాను గురుతులేను అత్తా," అని ఓపాలి అంది.

గురువమ్మకి లోపల కుసింత గర్వంగా అనిపించింది.

ఒల్లు దొరకనోడికి పేటలో ఓ పద్దతుంది. గడ్డితో మనిసిని సేసి, ఆడి ఒంటిమీద నిత్తిం ఉండీ గుడ్డ సుట్టి, సంద్రానికి ఒగ్గీవాల. అది అయితే గానీ పెల్లాం అటూ కాదు, ఇటూ కాదు. పేరంటానికి పిలవరు, మారుమనువుకి అడగరు. మధులతది సిన్న వయసు. బోటు ఇంజన్లు బాగుసేసీ సాయిశంకర్ మధులతని సేసుకుంటానని ఆ పిల్ల అన్నతో అన్నాడు. మంచోడే. బొమ్మ ఒగ్గినాక మాటాడుకుందారన్నారు. బొమ్మకి సుట్టాల్సిన గుడ్డంటే, ఆ తువ్వాలే.

"నా కొడుకు నా మెడమీద ఉన్నాడు. ఉన్నోడికి బొమ్మేటి?" అంది గురువమ్మ. తలుపేసీసుకుంది.

రోజులు గడిసేకొద్దీ తువ్వాల బిగుసుకుంటా వచ్చింది. మెడమీద నల్లగా సార పడింది. సీతమ్మధారలో ఏల్ల తరబడి సేపలు కొనీ ఆశాజ్యోతిగారు అది సూసినారు.

"మెడకి ఆ మచ్చేంటి గురువమ్మా?"

"మావోడమ్మా. పేమెక్కువ."

ఆ మాట అని అపార్ట్‌మెంటు మెట్లెక్కతంటే తువ్వాల ఒక్కపాలి బిగిసింది. గురువమ్మకి ఊపిరాడలేదు. ఆశాజ్యోతిగారూ వాచ్‌మేనూ గంప దించి, ఏల్లు దూర్చి లాగితే గానీ కుసింత వదులవ్వలేదు. ఎండలో ఆరిన తువ్వాల్లోంచి నీల్లు కారతన్నాయి. మెట్లన్నీ ఉప్పు వాసన.

ఇంటికొచ్చి అరుగుమీద కూకుంటే, మరిది కన్నబాబు వచ్చినాడు. ఏటలోనే తల నెరిసిపోయినోడు. ఆ సార సూసి, సెవిమీద సుట్ట తీసి ఎలిగించబోయి మల్లీ సెవిమీదే పెట్టుకున్నాడు.

"ఒదినా, నీల్లల్లో ములిగిపోతన్నోడు ఎలగ సుట్టుకుంటాడో నాను సూసినాను. అది పేమ కాదు. బయ్యం. ఆడికి అమ్మా తెలీదు, అయ్యా తెలీదు. ఏది దొరికితే దాన్నే."

గురువమ్మ సెయ్యి మెడమీదికి ఎల్లింది.

"అయితే ఇన్నాల్లూ ఆడు ములుగుతానే ఉన్నాడేటి కన్నబాబూ?"

గుమ్మంలో మధులత సేపకి పొలుసు తీత్తా తీత్తా ఆగిపోయింది.

"నాను నవ్వుతా తిరిగినాను," అంది గురువమ్మ. "ఆడు మెడమీద ములిగిపోతంటే, ఊరంతా సెప్పుకుని తిరిగినాను." కొంగుతో మొకం తుడుసుకుంది. "గడ్డి తే. పొద్దున్నే ఒగ్గీద్దారి."

పొద్దున్నే ఇసకలో గడ్డిబొమ్మని పడుకోబెట్టినారు. మహేసంత పొడుగే సేసినాడు కన్నబాబు. గురువమ్మ తువ్వాల తియ్యబోతే రాలేదు. లాగితే ఇంకా బిగిసింది. ఆవిడ అలల్లోకెల్లి, మోకాల్లమీద కూకుని, మెడకాడ ఆ గుడ్డని నిమురుతా సెప్పింది.

"కాల్లకింద ఇసకుందిరా అయ్యా. సూడు. ఒడ్డుకొచ్చీసినావు. ఇంక ఈదక్కర్లేదు."

మధులత ఎనకనుంచొచ్చి ఆ గుడ్డమీద సెయ్యేసింది. కుసింతసేపు ఏటీ అవ్వలేదు. తరవాత తువ్వాల కొస గురువమ్మ మెడ ఒగ్గి, మధులత మనికట్టుకి సుట్టుకుంది. బిగించి కాదు. ఏటనుంచొచ్చినోడు గుమ్మంలో సెప్పులు ఇడుత్తా, పెల్లాం సెయ్యి పట్టుకుంటాడే, అలగ. బోటు మునిగిన కాడ్నుంచీ ఏడవని పిల్ల అప్పుడు నీల్లల్లో కూలబడిపోయి ఏడిసింది.

"ఎల్లు మావా," అంది. "నాను బాగానే ఉంటాను. ఎల్లు."

తువ్వాల జారింది. అలల్లో తడిసినా గానీ పొడిగా ఉంది. గురువమ్మ దాన్ని దులిపి, సిన్నపిల్లోడికి నీల్లోసినాక సుట్టినట్టు, బొమ్మకి మెడకాడ్నుంచి సుట్టింది. కన్నబాబు పెద్ద అలలు దాటీదాకా మోసుకెల్లి ఒగ్గినాడు.

ఎండలు ముదరకముందే మధులత సాయిశంకర్ ఇంటికెల్లింది. సీర కుచ్చిల్లు గురువమ్మే పెట్టింది. కుచ్చిల్లు పెట్టడం అయిపోయినా లెగలేదు. మధులతే వంగి లేపింది.

మర్నాడు జెట్టీమీద గురువమ్మ పాత సీరముక్క సుట్టి, తనే తలమీద పెట్టుకుంది. గంప దేవి ఎత్తింది. బరువు నడినెత్తినుంచి నడుందాకా దిగింది.

"బరువుగుందేటప్పా?"

"ఉందమ్మా," అంది గురువమ్మ.

రెండు సేతుల్తో గంప పట్టుకుని ఆటో కాడికి నడిసింది. ఉత్త మెడకి సంద్రం గాలి తగిల్తంది.