జేబులో ముప్పావు పౌను కందిపప్పు

మాది గన్నవరం, మా ఆవిడది గుంటూరు. ఊరి పేర్లలోనే ఇంత ఆయుధ సామగ్రి పెట్టుకుని కూడా ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఇంట్లో పేలినవి రెండే: నా జోకులు, ఆవిడ పోపులో ఆవాలు. ఆవాలే ఎక్కువసార్లు పేలాయని ఆవిడ లెక్క.

అలాంటి ఇంట్లోకి పిస్టల్ మాట వచ్చింది రెండువేల పన్నెండులో.

మా ఆవిడ రాధారాణి టెక్సస్‌లోని ప్లేనోలో రియల్ ఎస్టేట్ ఏజెంటు. ఎవరో ఫోన్ చేసి ఫలానా ఖాళీ ఇల్లు చూడాలంటారు. ఆవిడ ఒక్కతే వెళ్ళి తాళం తీసి, ముక్కూ మొహమూ తెలియని మనిషికి పడగ్గదులూ అలమరలూ చూపించాలి. ఫిబ్రవరిలో ఒక రోజు వచ్చినవాడు లోపలికి అడుగు పెట్టగానే వీధి తలుపు మూసి, గడియ వేసి, "ఒక్కదానివే వచ్చావా?" అని అడిగాడట. "మా ఆయన కార్ పార్క్ చేస్తున్నారు" అందట ఈవిడ. వాడు ఒక నిమిషం అలాగే నిలబడి, గడియ తీసి వెళ్ళిపోయాడు. జరిగింది అంతే. మర్నాడు ఆవిడ ఇంకో ఇల్లు చూపించడానికి వెళ్ళింది. నేను మాత్రం ఆ నిమిషంలోంచి బయటికి రాలేకపోయాను.

ఆఫీసులో కూర్చుని పది నిమిషాలకోసారి ఆవిడకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

"ఏమండీ, ఇల్లు చూసేవాళ్ళు ఆఫర్ పెట్టాలా వద్దా అని తేల్చుకునే టైమ్‌కి మోగుతుంది మీ ఫోను. నిన్న ఆ కపుల్ నా మీద జాలిపడ్డారు, ఇంట్లో ఎవరికో సీరియస్ అనుకుని."

"ఉంది కదా. నాకే సీరియస్."

"ఇంకోసారి కాల్ చేశారంటే నేనే కాల్చేస్తాను."

అన్నాక తన మాట తనే విని ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు. శ్లేష ఆవిడదీ మౌనం నాదీ కావడం మా సంసారంలో అదే మొదలు.

"ఖాళీ ఇళ్ళు మానెయ్ రాధా. ఆఫీసులో కూర్చుని పేపర్‌వర్క్ చూసుకో."

"మానను." బేరానికి దిగింది. "ఒక పని చేద్దాం. లైసెన్స్ తీసుకుని చిన్న పిస్టల్ ఒకటి జేబులో పెట్టుకుంటాను. నేను రోజూ మోయగలిగేది దొరికిందా, మీరు ఫోన్లు మానాలి. దొరకలేదా, నేను ఖాళీ ఇళ్ళు మానేస్తాను. సరేనా?"

సరేనన్నాను. ఒక్క జాకెట్ ముక్క కోసం ఏడు షాపులు ఎక్కి దిగే మనిషికి పిస్టల్ ఎక్కడ నచ్చి చస్తుందిలే అని నా ధైర్యం.

ఆయుధం కనబడకుండా వెంట ఉంచుకోవడానికి టెక్సస్‌లో లైసెన్సుంది. దానికి శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసు. చెప్పేవాడి నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. గుండ్ల గురించి చెప్పడానికి గుండుకు మించిన అర్హత ఏముంటుంది కనక. చివర్లో యాభై తూటాలు కాల్చాలి. రాధ అద్దె పిస్టల్‌తో రెండొందల యాభైకి రెండొందల ముప్పై ఆరు తెచ్చుకుంది. ఆవిడకు అట్ట మీద గురి కుదిరింది, క్లాసు చెప్పినాయనకు ఆవిడ మీద గురి కుదిరింది. డ్రైవరుగా వెళ్ళిన నేను గాజు తలుపు వెనక చెవులు మూసుకుని కూర్చున్నాను.

లైసెన్స్ పోస్టులో వచ్చేలోపు ఎక్సెల్ తెరిచాను. సాఫ్ట్‌వేర్ వాడికి కష్టం వస్తే దేవుడి కంటే ముందు తెరుచుకునేది అదే. ఇరవై మూడు పిస్టళ్ళు, పద్నాలుగు కాలమ్స్, కాలమ్‌కో మార్కు. అన్నిట్లోకీ ఫస్టు వచ్చినది తూటాలతో కలిపి పౌనున్నర, అంటే దాదాపు ఏడొందల గ్రాముల బరువు. ప్రింట్ తీసి చేతిలో పెట్టాను.

"బాగుంది," అంది రాధ, కూరగాయల లిస్టు మడిచినట్టు మడిచి. "షాపుకెళ్ళి చూద్దాం."

షాపులో వేన్ అని ఆరున్నర అడుగుల మనిషి ఆడమనిషిని చూడగానే గులాబీరంగు పిడి ఉన్న రివాల్వర్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. "రంగు తర్వాత చూద్దాం, ముందు సైజు చెప్పు," అంది ఈవిడ. పిస్టల్‌కు పైభాగాన్ని వెనక్కి లాగితే గానీ మొదటి తూటా లోపలికి పోదు. వేన్ ఒక పిస్టల్ తీసి ముందు నాకిచ్చాడు, మర్యాదకి. లాగాను. అది కదల్లేదు గానీ నా భుజం కదిలింది. ఆవిడ అందుకుని టక్కున లాగింది. మా ఇంట్లో బిగుసుకుపోయిన పచ్చడి సీసాల మూతలు తీసేది ఎవరో వేన్‌కు ఆ క్షణంలో తెలిసిపోయింది.

అన్నీ చూశాక రెండు మిగిలాయి. ఒకటి నా ఎక్సెల్ సుందరి. రెండోది అరచేతిలో ఇమిడిపోయే బుల్లిది, తూటాలతో కలిపి ముప్పావు పౌను. షాపు వెనకే కాల్చి చూసుకోవడానికి ఉన్న రేంజిలో రెండూ కాల్చి చూసింది. పెద్దదానితో చిల్లులన్నీ అట్ట మధ్యన పడ్డాయి. బుల్లిది చేతిలో చేపలా ఎగిరెగిరి పడింది, చిల్లులు తలో దిక్కుకీ పోయాయి.

"అంతేనమ్మా," అన్నాడు వేన్. "చిన్నది మోయడం సుఖం, కాల్చడం కష్టం. పెద్దది కాల్చడం సుఖం, మోయడం కష్టం."

"అచ్చం పెళ్ళి లాగే," అన్నాను ఇంగ్లీషులో. వేన్ గాజుబల్ల అదిరేలా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"నాకు రెండు వారాలు టైమ్ కావాలి," అంది వేన్‌తో. కార్‌లో నాతో అంది: "నేనెవరికీ ఒక్క చూపులో ఇల్లు అమ్మను. గ్రోసరీ సంచులు మోస్తున్నట్టు గరాజ్‌లోంచి వంటింటి దాకా నడవండి అంటాను. నడిస్తే తెలుస్తుంది అది వాళ్ళిల్లో కాదో. ఇదీ అంతే. నడవాలి."

ఆ సాయంత్రం వంటింటి త్రాసు మీద కందిపప్పు తూచింది. ఒక జిప్‌లాక్ సంచిలో పౌనున్నర, ఇంకోదాంట్లో ముప్పావు పౌను. ఇక కావాల్సింది జేబు. జేబు పిస్టల్‌కు జేబుండాలన్నది నా పద్నాలుగు కాలమ్స్‌లో ఒక్కదాంట్లోనూ లేదు. ఆవిడ పంజాబీ డ్రెస్సుల్లోనూ లేదు. రెండు వీధుల అవతల ఇంట్లోనే కుట్టుపని చేసే నాగమల్లేశ్వరి దగ్గరికి ఆరు డ్రెస్సులు పట్టుకెళ్ళాం.

"జేబా వదినా? ఎంత లోతు?"

"జానెడు. గట్టి గుడ్డ వెయ్యి."

"ఏం పెట్టుకుంటావేంటి అంత గట్టిగా?"

"కందిపప్పు."

నాగమల్లేశ్వరి నోట్లో గుండుసూదులు ఉండబట్టి రెండో ప్రశ్న బయటికి రాలేదు.

సోమవారం పౌనున్నర జేబులో వేసుకుని వెళ్ళింది. సాయంత్రానికి డ్రెస్సు మెడ కుడిభుజం మీదికి జారిపోయి, చున్నీ సర్దుకోవడమే పని అయింది. మంగళవారం తుంటి నొప్పన్నది. బుధవారం మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ ఫస్ట్ ర్యాంకు ఇప్పుడెక్కడుందో తెలుసా? కార్‌లో. బరువు లాగుతోందని తీసి సీటు మీద పడేసి వెళ్ళాను. గంటసేపు ఇల్లు చూపించాను, కార్‌కి మాత్రం ఏ భయమూ లేదు."

నా ఎక్సెల్ సుందరి పదవి అలా ఊడింది. గురువారం నుంచి ముప్పావు పౌను. శుక్రవారం అడిగితే, "ఉందా? ఆ, ఉంది," అని జేబు తడుముకుని చెప్పింది. శనివారం అసలు తడుముకోలేదు.

ఆదివారం బట్టలు ఉతకడం. మా ఇంట్లో అది నా శాఖ. నా ప్యాంట్ల జేబులు వెతికి చిల్లర తీస్తాను, ఆవిడ బట్టలు ఎత్తి మెషీన్లో పడేస్తాను. ఇరవై రెండేళ్ళుగా జేబుల్లేని బట్టలకు జేబులు వెతకాలని ఎవడికి తోస్తుంది? అరగంటకు మెషీన్ గుర్రుమని ఆగిపోయింది. మూత తీస్తే లోపలంతా పసుపుపచ్చ. సంచి పిగిలి, పప్పు నాని ఉబ్బి, గొట్టానికి అడ్డం పడి, నా నల్ల సాక్సులకు అక్షింతల్లా అంటుకుని ఉంది. పప్పులో కాలేసినవాళ్ళను చూశాను గానీ, సాక్సులతో సహా వేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రాధ వచ్చి చూసింది. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. దాన్ని పైకన్నది నేను.

"ఇదే నిజంది అయ్యుంటే?"

ఆవిడ మెషీన్ పక్కన నేల మీద కూర్చుని నా సాక్సులకున్న పప్పు బద్దలు ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టింది. పెద్దది మోయలేదు, చిన్నది గుర్తుండదు. ఒప్పందం ప్రకారం నేను గెలిచాను. రెండు నెలలుగా ఎదురుచూస్తున్న మాట అనేశాను.

"ఇంక ఖాళీ ఇళ్ళు మానెయ్ రాధా."

"మానేస్తాను," అంది తలెత్తకుండా. "మాటిచ్చాగా."

ఇంకో సాక్సు తీసుకుంది.

"వాడు గడియ వేసినప్పుడు ఇంక నా పని అయిపోయిందనుకున్నానండీ. మీకు చెప్పలేదు. అప్పట్నుంచీ రోజూ భయపడుతూనే తాళం తీస్తున్నాను. మానేస్తే ఏమవుతుందో తెలుసా? వాడు ఎప్పటికీ ఆ తలుపు దగ్గరే నుంచుని ఉంటాడు."

ఆ నిమిషంలో ఇరుక్కుపోయింది నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడా నా పక్కనే కూర్చుని ఉందని తెలియలేదు. నోరున్న మనిషికి చెవులుండవని మా అమ్మ ఊరికే అనలేదు. నేనూ నేల మీద చతికిలబడి రెండో సాక్సు అందుకున్నాను.

"ఇది నీ తప్పు ఎలా అవుతుంది? మెషీన్లో వేసింది నేను."

"నిజం పిస్టల్‌కి అలాంటి సాకులుండవండీ. జేబులో పెట్టుకున్నది నేను, తీయాల్సిందీ నేనే."

"ఎప్పుడు తీస్తావు?"

ఆవిడ సాక్సు కింద పెట్టి లేచి గరాజ్ తలుపు దగ్గరికి నడిచింది. మేం ఇంట్లోకి వచ్చేది అటు నుంచే. అక్కడ చెప్పుల స్టాండు.

"ఇటు రండి. మనం ఎప్పుడైనా చెప్పులతో ఇంట్లోకి వచ్చామా?"

"లేదు."

"మర్చిపోయి?"

"జ్వరమొచ్చి తూలుతున్నప్పుడు కూడా లేదు."

"అయితే దాని చోటు ఇదే. ఇక్కడ గోడకి నంబర్ లాక్ ఉన్న ఇనప పెట్టె బిగించండి. ముందు అది లోపలికి, తర్వాతే చెప్పులు. ఇంకో వారం కందిపప్పుతోనే నడుస్తాను. ఒక్క రోజు తప్పినా మానేస్తాను, మీరు అడగక్కర్లేదు."

పెట్టె నేనే బిగించాను. ఆ వారం రోజూ పెందలాడే ఇంటికొచ్చి కిచెన్లోంచి కాపలా కాశాను. మొదటి మూడు రోజులూ తప్పలేదు. గురువారం ఆవిడ రెండు చేతుల్లో గ్రోసరీ సంచులు, భుజానికీ చెవికీ మధ్య ఫోను, ఫోన్లో వాదించే క్లయింటుతో దూసుకొచ్చింది. ఒక చెప్పు విప్పేసింది. రెండోదాని మీద చేయి పడింది. తప్పాలని కోరుకుంటున్నానో తప్పకూడదనో అప్పటిదాకా నాకే తెలియదు; "పెట్టె రాధా, పెట్టె" అని లోపల్లోపల గింజుకుంటుంటే తెలిసింది. ఆవిడ ఆగింది. ఒంటి చెప్పుతో సంచులు కింద పెట్టి, జేబులోంచి పప్పు తీసి పెట్టెలో పడేసి, మూత నొక్కి, అప్పుడు రెండోది విప్పింది. ఫోన్లో వాదన మాత్రం ఒక్క క్షణం ఆపలేదు.

వారం నిండాక, లైసెన్స్ కూడా పోస్టులో వచ్చాక, వేన్ దగ్గర బుల్లిది కొన్నాం, జేబులో కదలకుండా ఉండే చిన్న తోలు ఒరతో సహా.

"దీంతో మీ గురి బాగోలేదమ్మా," అని గుర్తుచేశాడు వేన్.

"అందుకే ప్రతి శనివారం వస్తాను," అంది.

మొదటి శనివారం నన్నూ లాక్కెళ్ళింది. చెవులకు డిప్పలు, కళ్ళకు అద్దాలు. మాగజైన్ అంటే నాకు తెలిసింది వారపత్రిక. ఇక్కడ తూటాలు కూరే రేకు డబ్బీని అలా అంటారట. పట్టేది ఆరు, లోపలి స్ప్రింగు మహా మొండిది. రెండుసార్లు నింపేసరికి ఆవిడ బొటనవేలు కందిపోయింది. డబ్బీ నా వైపు చాపింది.

"నేనా?"

"మీరే. కాల్చమనలేదుగా."

గొంతు చించుకుని అరిస్తే గానీ వినబడని చోటు అది. నాకోసమే కట్టినట్టుంది. ఒక్కో తూటా పెట్టి బొటనవేలితో అదిమి లోపలికి నెట్టాను. ఆవిడ కాల్చింది. చిల్లులు అట్ట అంచున పడ్డాయి. మళ్ళీ నింపాను. కాస్త లోపలికి వచ్చాయి. అయిదో డబ్బీకి రెండు మధ్యన పడ్డాయి. పిస్టల్ బల్ల మీద పెట్టి, అట్ట వైపే చూస్తూ అరిచింది.

"సోమవారం మూడు షోయింగ్స్ ఉన్నాయి. మూడూ ఖాళీ ఇళ్ళే!"

"వెళ్ళు!" అని అరిచాను.

వెనక్కి తిరక్కుండానే చేయి చాపింది. డబ్బీలో ఇంకా రెండు తూటాలు పట్టాలి. నా బొటనవేలు భగ్గుమంటోంది.

"ఉండు, నింపుతున్నా," అన్నాను.