ఎవరూ మాట్లాడని బెంచీ

ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎమెట్ లార్కిన్ పక్కన ఎవరూ లేరు. మైదానం పక్కన టీము కూర్చునే డగౌట్‌లో బెంచీకి ఆ చివర వాడొక్కడే కూర్చున్నాడు. ఈ చివర మేమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాం. పదిహేను మంది బ్యాటర్లు వచ్చారు, పదిహేను మందీ వెనక్కి పోయారు. ఒక్కడూ హిట్ కొట్టలేదు. బేస్‌బాల్‌లో ఇలాంటప్పుడు బంతి వేసే పిచ్చర్‌తో మాట్లాడకూడదు. పక్కన కూర్చోకూడదు, కళ్ళలోకి చూడకూడదు, జరుగుతున్న సంగతి అసలు ఎత్తకూడదు. ఎత్తామా, ఆట చెడుతుంది. ఎవడు పెట్టిన రూలో తెలీదు గానీ, చర్చి గడప తొక్కని వాళ్ళు కూడా దీన్ని నమ్ముతారు. నేనూ నమ్మేవాణ్ణి, నా తెలివి అలా ఏడ్చింది.

నేను క్యాచర్ని. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని, తర్వాత ఏ బంతి వెయ్యాలో పిచ్చర్‌కి వేళ్ళతో చెప్పేది నేనే. ఒక వేలు చూపిస్తే ఫాస్ట్ బాల్, రెండు చూపిస్తే కర్వ్ బాల్. పద్నాలుగేళ్ళు ఈ పని చేసి రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నాను. ఒక్క హిట్ కూడా లేని ఆట నా చేతుల మీదుగా ఒక్కటీ జరగలేదు. ఇది ముందే చెప్తున్నాను. తర్వాత చెప్తే సాకులా ఉంటుంది.

ఎమెట్‌కి ముప్ఫై మూడేళ్ళు. పదకొండేళ్ళుగా చిన్న లీగుల్లో బస్సులెక్కి దిగుతున్నాడు. మోచేతికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. పెద్ద లీగులో ఇంతవరకూ ఒక్క బంతి వెయ్యలేదు. ఆ వారమే పైన మా పెద్ద టీములో ఒక పిచ్చర్‌కి భుజం పట్టేసింది. ఆదివారానికి మా మిల్‌ఫెర్రీ టీము నుంచి ఒకణ్ణి పిలుస్తారు. పిలిస్తే ఎమెట్‌ని పిలవాలి, లేకపోతే ఇరవై రెండేళ్ళ కోల్ బాష్‌ని. కోల్‌కి ఈసారి కాకపోతే ఇంకో పదిసార్లు ఉన్నాయి. ఎమెట్‌కి ఇదే ఆఖరు. పొద్దున లాకర్ గదిలో వాడు సాక్సులు తొడుక్కుంటూ అన్నాడు కూడా.

"ఇవాళ బాగా వేస్తే పిలుస్తారు. వెయ్యకపోతే మా మావగారి టైర్ల కొట్లో కూర్చుంటా."

"ఆయన నిన్ను రానిస్తాడా?" అన్నాను.

"నువ్వు కూడా నాతోపాటు వచ్చేస్తే రానివ్వడు."

ఆరో ఇన్నింగ్స్‌లో మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. బంతి జారకుండా వేళ్ళకి పూసుకునే జిగురుపొడి సంచి, పిచ్చర్ నిలబడే దిబ్బ వెనక పడి ఉంటే ఎమెట్ తీసుకోబోయాడు. అది వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. మూడోసారి తన్ని పక్కకి తోసేశాడు. తర్వాతి కర్వ్ బాల్ వంపు తిరగకుండా నేరుగా వచ్చింది. బ్యాటర్ కూడా అది అలా వస్తుందనుకోలేదు గనక గాల్లోకి లేపి ఔటయ్యాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇన్నింగ్స్ అయ్యాక ఓరగా చూశాను. వాడు నీళ్ళ కప్పు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చేతి చిటికెన వేలునీ, పక్క వేలునీ తొడకేసి రుద్దుతున్నాడు. ఆపరేషన్ అయిన మోచెయ్యి ఆ రెండు వేళ్ళనీ మొద్దుబార్చిందంటే ఏమిటో నాకు తెలుసు. రెండోసారి కత్తి పడేముందు కూడా వాడికి ఇలాగే మొదలైంది. ఆ సంగతి మా డగౌట్‌లో ఇంకెవడూ చూడలేదు, చూడకూడదని అందరం ఒట్టేసుకున్నట్టు మొహాలు తిప్పుకుని కూర్చున్నాం కదా.

మేం స్కిప్పర్ అని పిలిచే మేనేజర్ గస్ డోబ్రిన్‌కి చెప్పాలి. నాలుగడుగులు వేస్తే చాలు. గస్ కూడా ఆ రోజు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రెండుసార్లు ఎమెట్ వైపు నడిచి, సగం దూరంలో ఆగి, ఏదో మింగేసినట్టు వెనక్కి వచ్చేశాడు. నేను లేచాను. చెప్తే గస్ వాణ్ణి దింపేస్తాడు. దింపితే ఈ ఆటా పోతుంది, ఆదివారమూ పోతుంది. పైగా వాడి ఆట నా నోటితో చెడగొట్టానన్న పేరు మిగులుతుంది. కూర్చున్నాను.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆట ఆపించి దిబ్బ దగ్గరికి వెళ్ళాను. ఎమెట్ కుడి చేతిని గ్లవ్‌లో దాచేశాడు.

"ఏంట్రా?" అన్నాడు.

అడగాల్సింది నాలుక మీదే ఉంది. "సాయంత్రం ఏం తిందాం?" అన్నాను.

నాకు తెలిసిపోయిందని వాడికీ తెలిసింది.

"నువ్వు నోరు మూసుకుంటే నీకేం కావాలంటే అది తినిపిస్తా, వాల్ట్," అన్నాడు మెల్లగా. "నాలుగు ఔట్లేరా. నాలుగే."

నేను వెనక్కి వచ్చేశాను. అప్పటినుంచి ఒక వేలే చూపించాను. ఫాస్ట్ బాల్ మోచేతిని కొంచెం తక్కువ మెలిపెడుతుందని నా లెక్క. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మిగిలిన ఒక్క ఔటూ, తొమ్మిదిలో రెండూ అలాగే తీశాం. మేం రెండు పరుగులు ముందున్నాం. ఇంకొక్క ఔటు పడితే ఆట అయిపోతుంది.

ఆఖరి బ్యాటర్ లైల్ హాగ్‌సెట్. బండమనిషి, కానీ బుర్ర ఉన్నవాడు. ఫాస్ట్ బాల్ తప్ప ఇంకేమీ రావట్లేదని కనిపెట్టేశాడు. మూడు స్ట్రయిక్‌లు పడితే ఔటు; రెండు పడ్డాక ఇక ఒక్కటీ వదల్లేదు. వేసిందల్లా పక్కకి కొట్టేస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు... ప్రతిదీ ముందుదానికంటే బాగా తగులుతోంది. నాలుగోది గీతకి జానెడు బయట పడింది, లోపల పడితే హిట్టే. జనం ఒక్కసారిగా ఊపిరి పట్టారు.

"మీవాడి దగ్గర ఇంకేం లేదా, తాతా?" అన్నాడు హాగ్‌సెట్, వెనక్కి తిరక్కుండానే.

"నువ్వు కంగారుపడకు, నీకోసం దాచిపెట్టాం," అన్నాను.

ఇంకో ఫాస్ట్ బాల్ వేస్తే వాడు కొడతాడు, అందులో సందేహం లేదు. కర్వ్ వేస్తే కొట్టలేడు. ఆ కర్వ్ ఎమెట్ చేతిని ఏం చేస్తుందో కూడా నాకు తెలుసు. ఎవరో నన్ను బలవంతపెట్టారని చెప్పుకోవడానికి లేదు. ఆ మైదానంలో నన్ను ఎవరూ చూడటం కూడా లేదు.

రెండు వేళ్ళు చూపించాను.

ఎమెట్ ఒక్క క్షణం ఆగాడు. తల ఊపాడు. వేశాడు. బంతి హాగ్‌సెట్ ఛాతీ ఎత్తులో బయల్దేరి, వాడి బ్యాట్ కిందనుంచి మలుపు తిరిగి నా గ్లవ్‌లో పడింది. మూడో స్ట్రయిక్. ఎమెట్ వెయ్యగా నేను చూసిన కర్వ్‌లన్నిటిలో అదే గొప్పది.

గెలిస్తే టీమంతా పిచ్చర్ మీద పడి గుట్టగా పోగవుతుంది. అందరికంటే ముందు పరిగెత్తి, వాడి కుడి చెయ్యి నా ఛాతీకి నొక్కుకుని, వచ్చినవాణ్ణల్లా మోచేత్తో తోశాను. ఎమెట్ మొహంలో రక్తం లేదు.

"అది వేస్తుంటేనే ఏదో టప్‌మంది," అన్నాడు నా చెవిలో.

అంతలో గస్ వచ్చాడు. ముసలాడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"సామాను సర్దుకోరా! ఆదివారం నువ్వు పైన వేస్తున్నావ్!"

ఎమెట్ కదల్లేదు. "ఎప్పుడు చెప్పారు, స్కిప్పర్?"

"ఐదో ఇన్నింగ్స్ అవగానే ఫోనొచ్చింది. ఇక చాలు, నిన్ను దింపేసి ఆదివారానికి చెయ్యి దాచమన్నారు. ఎలా చెప్పేదిరా నీకు? హిట్ లేకుండా నడుస్తోంది! నోరు తెరిచి నేను చెడగొట్టనా? రెండుసార్లు వచ్చాను, నావల్ల కాలేదు."

అంటూనే గస్ ఆ కుడి చేతిని అందుకుని ఊపబోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. గస్ ఆ చేతిని చూశాడు, ఎమెట్‌ని చూశాడు, తర్వాత నావైపు చూశాడు.

"నీకు తెలుసా?"

"ఆరో ఇన్నింగ్స్ నుంచి తెలుసు," అన్నాను.

"మరి చెప్పలేదేం?"

ఏమనాలి, ఆయన చెప్పిందే నేనూ చెప్పాలి. ఐదులో ఆయన నోరు తెరిచినా, ఆరులో నేను తెరిచినా ఆ చెయ్యి మిగిలేది, వాడు ఆదివారం పైన ఉండేవాడు. మేమిద్దరం వాడి మేలు కోరి నోళ్ళు కుట్టుకున్నాం. నామీద నాకు అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఎమెట్ మా ఇద్దర్నీ తిట్టలేదు. తిడితే బాగుండేది. "పోనీలెండి," అన్నాడు, "కర్వ్ బాగా పడింది కదా."

స్టాండ్స్‌లో జనం ఇంకా కూర్చోలేదు. వాడి పేరు పెట్టి అరుస్తున్నారు, టోపీ ఎత్తి చూపించమంటున్నారు. ఎమెట్ గ్లవ్ తీసి నాకిచ్చి, టోపీ ఎడమ చేత్తో ఎత్తాడు. జనం ఇంకా గట్టిగా అరిచారు.