తెల్ల పడుగు మీద పొగ

మా బామ్మర్ది కొడుకు శ్రవణ్‌కుమార్ చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పని చేస్తాడు. నిరుడు ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. బ్రేకులు సరిగా పట్టవు. టైర్లు నున్నగా అరిగిపోయాయి. ఆయిల్ ఎప్పుడు మార్చారో అమ్మినవాడికే తెలియదు. అలాంటి కారుకు వీడు మొదట చేయదలచింది పవర్ పెంచడం.

హైవే పక్కన షెడ్డున్న మెకానిక్ గురవయ్య దగ్గరికి పోయాడు. ముందు ఆయిల్, ఫిల్టర్లు మార్చి, బ్రేకులు చేయించుకొమ్మన్నాడు గురవయ్య. ఇంజన్ బాగుందో లేదో తేలాక పవర్ సంగతి చూద్దామన్నాడు. ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పిన మనిషి మాట వీడికి ముసలి మాటలా వినిపించింది. ఫోన్లో నాలుగు వీడియోలు చూసినవాడు మరి.

హైదరాబాద్‌లో ఎవడో ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజన్‌లోకి డీజిల్ ఎక్కువ పడేలా మార్చాడు. పొగను వడగట్టే డబ్బా పీకేసి లావు సైలెన్సర్ బిగించాడు. ముప్పై గుర్రాల బలం పెరిగిందని శ్రవణ్ ఊరంతా చెప్పుకున్నాడు. ఉన్న గుర్రాలనే ఆపే బ్రేకు లేదని మాత్రం చెప్పలేదు.

నా భార్య సుగుణమ్మ పోయి రెండేళ్లు. మాది నేత పని. మగ్గానికి నిలువు దారాలుగా ఆమె ఆఖరున పోసిన తెల్ల పడుగు ఒకటి సంచిలోనే ఉండిపోయింది. నా మోకాళ్లు ఇక మగ్గం గుంటలోకి దిగనివ్వడం లేదు. ఆ ఒక్కటి నేసి మానేద్దామనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆ పడుగును గల్లీ పొడవునా సాగదీసి, కర్రలకు కట్టి గంజి పట్టించాను. తడి ఆరేదాకా మా గల్లీలోకి బండి రాదు. పాలవాడు కూడా మలుపులోనే ఆగి నడిచి వస్తాడు. ఇది శ్రవణ్‌కు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడే.

అప్పుడే కారేసుకొచ్చి మలుపు దగ్గర ఆగాడు. ముందుకు వస్తే చక్రాల దుమ్ము పడుతుందని కారును తిప్పి, దాని వెనక భాగం పడుగు వైపు పెట్టాడు. అదే మర్యాద అనుకున్నాడు. పొగగొట్టం వెనకే ఉంటుందని ఏ వీడియోలోనూ చెప్పలేదేమో.

కిటికీలోంచి తల బయట పెట్టి, "మామా, జర సప్పుడు ఇను" అన్నాడు.

"బంద్ జెయ్. గంజి తడి ఆరలే."

"ఒక్కసారే మామా."

యాక్సిలరేటర్ తొక్కాడు. నల్లటి పొగ ముద్దలా వచ్చి పడుగు మీద పడింది. పొడి నూలయితే దులపొచ్చు. తడి గంజికి మసి పట్టుకుంటే వదలదు. పక్కింటి సత్తమ్మ తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది, ముట్టొద్దన్నాను.

శ్రవణ్ కారు ఆపి దిగాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"కొత్త నూలు తెస్త మామా. గింతకన్న మంచిది తెస్త."

"మీ అత్తను గూడ తెస్తవా?" అన్నాను.

మరుసటి వారం గురవయ్య దగ్గరే డబ్బా, సైలెన్సర్ పాతవి పెట్టించుకున్నాడు. ల్యాప్‌టాప్ వాడి దగ్గరికి పోయి మార్పులన్నీ తీయించుకున్నాడు. ఆయిల్ మార్పించాడు, బ్రేకులు చేయించాడు. గురవయ్య మొదటి రోజు చెప్పిన పనులే. ఇప్పుడు కారు పొగ లేకుండా నడుస్తుందని నాకు కబురు పంపాడు. ఇంజన్‌ను వెనక్కి తిప్పుకోవచ్చు. పడుగును తిప్పలేం.

నేశాను. తెల్లగా మిగిలింది ధోవతి అయింది. మసి పట్టిన రెండు మూరలు ఒక తువ్వాలు అయ్యాయి. ఎన్ని ఉతుకులు ఉతికినా మబ్బు రంగు పోలేదు.

శ్రవణ్ నెలకోసారి వస్తాడు. అన్నం పెడతాను. చేతులు కడుక్కున్నాక ఆ తువ్వాలే ఇస్తాను. వాడు దాన్ని కాసేపు పట్టుకుని, మళ్లీ మడతపెట్టి నాకిచ్చి, ప్యాంటుకు తుడుచుకుంటాడు.

వచ్చే నెల కూడా అదే ఇస్తాను.