రేడియోలో ఎవరూ చనిపోరు

నాలుగుసార్లు పార వేస్తే గాని బండి మెట్టు కనిపించలేదు. బెనీసియో దానిమీద బూట్లు తట్టుకుని లోపలికెక్కి, సీటు మీది గొర్రెతోలు సర్దుకుని కూర్చున్నాడు. మంచు తోసే ఆ పసుప్పచ్చ బండితో అతనికి ఇరవై ఆరేళ్ళ సాంగత్యం. పొద్దున్నే ఇద్దరూ దగ్గుతారు. ముందు ఎవరు ఆపుతారన్నదే తేడా.

కనుమ మీద రోడ్డు గుడిసెలో చలికాలమంతా అతనొక్కడే. అటు వెళితే చిలీ సరిహద్దు, ఇటు రెండు గంటలు దిగితే ఊరు. రాత్రి గాలికి ఏంటెనా విరిగిపడి, ఆఫీసుతో మాట్లాడే సెట్టు మూగబోయింది. ఇక మిగిలింది చిన్న ట్రాన్సిస్టరు. అంటే వినడమే గాని తిరిగి చెప్పడం లేదు. దొమితీలాతో అలవాటైన పనే గనక అతనికది పెద్ద లోటనిపించలేదు.

దొమితీలా అక్క. పదమూడేళ్ళు పెద్దది. తల్లి పోయాక ముక్కు తుడిచి పెంచింది. పెళ్ళి ఆమె చేసుకోలేదు, అతనూ చేసుకోలేదు. ఆ మాట ఇద్దరూ ఎత్తుకోలేదు. పదిహేను రోజులకోసారి అతను కిందికి దిగితే, నాలుగు రోజుల సెలవూ తిట్లతోనే గడిచిపోయేది.

"ఇవాళ తోస్తావు, రేపు మళ్ళీ పడుతుంది. నీలాంటి వెధవ దొరికాడని ఆ మంచుక్కూడా అలుసే!" అనేది, అతని పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేస్తూ. అతను జవాబు చెప్పేవాడు కాదు. నోట్లో మొదటి ముక్క ఉండేది.

ఒంటిగంటకల్లా ఊరివైపు దారి శుభ్రం చేసి గుడిసెకొచ్చి, మాతే టీ కాచుకుని ట్రాన్సిస్టరు పెట్టాడు. ఆ వేళకి కొండవాళ్ళ కబుర్లు చదువుతారు. ఫోను అందని గుడిసెలన్నీ ఆ పావుగంటా నోరు మూసుకుంటాయి. ఎవరి పిండిబస్తా ఏ మలుపు దగ్గర దింపారో, ఎవరి కోడలు ప్రసవించిందో అందరికీ తెలిసిపోతుంది. ఒక్క చావు మాత్రం చదవరు. మంచులో ఒంటరిగా ఉన్న మనిషి చెవిన ఆ మాట పడకూడదని ఎప్పుడో ఎవరో పెట్టిన మర్యాద. 'ఒంట్లో బాగాలేదు, బయల్దేరి రండి' అంటారు. విన్నవాడు టోపీ తీస్తాడు. ఆ కొండల్లో రేడియోలో ఇంతవరకూ ఎవరూ చనిపోలేదు. ఒంట్లో బాగాలేనివాళ్ళెవరూ కోలుకోనూ లేదు.

"రోడ్డు గుడిసెలో ఉన్న బెనీసియో ఆంతిన్యీర్‌కి," అంది రేడియో అమ్మాయి, "మీ అక్కగారు దొమితీలాకి ఒంట్లో బాగాలేదు. బయల్దేరి రావలసిందని పొరుగింటి ఎల్వీరా కబురు." ఆ వెంటనే ఎడమ చెవి చీలిన కంచరగాడిద ఒకటి తప్పిపోయిందని చెప్పింది.

బెనీసియో టోపీ తీశాడు. గాడిద సంగతి పూర్తయ్యేదాకా కదల్లేదు.

రాత్రంతా శవం దగ్గర జాగారం ఉంటుంది. రేపు మధ్యాహ్నం పూడుస్తారు. కిటికీలోంచి చూస్తే సరిహద్దు వైపు మలుపులో నిన్న సాయంత్రం చిక్కుకున్న లారీ ఎర్రచుక్కలా కనిపిస్తోంది. తను దిగిపోతే రెండు రోజులదాకా అటు వెళ్ళేవాడు లేడు. అక్కకి ఇక చలి వెయ్యదు. ఆ డ్రైవరుకి వేస్తుంది. బెనీసియో పైకే వెళ్ళాడు.

డ్రైవరు ఓస్వాల్దో దుప్పటి చుట్టుకుని కిందికి దూకాడు. "వచ్చావా అన్నా! వెనకున్న చేపలకి ఐసుపెట్టె ఉంది, నాకదీ లేదు." అంతలోనే అతని మొహం చూసి టోపీ తీశాడు. "రేడియోలో చెప్పిన బెనీసియో నువ్వేనా? అయ్యో, నన్నొదిలేసి వెళ్ళిపోవలసింది."

"ఆవిడెక్కడికీ పోదులే. గొలుసులు వెనక చక్రాలకి కట్టు. ముందు కడితే బండి నీ మాట వింటుంది గాని కదలదు."

"పెద్దావిడేనా?"

"డెబ్బై ఒకటి."

"బాధపడిందేమో పాపం."

"పడే రకం కాదు. పెట్టే రకం."

ఓస్వాల్దో నవ్వబోయి, సందర్భం గుర్తొచ్చి దగ్గాడు. ఇద్దరూ కలిసి తవ్వి లారీని బయటికి లాగేసరికి మూడు దాటింది.

గుడిసెకొచ్చాక బెనీసియో మంచు కరిగించి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీపెట్టెని పొయ్యి మీద కాల్చి తెల్లచొక్కా ఇస్త్రీ చేశాడు. మాసిన చొక్కాతో జాగారానికి వెళితే అక్క లేచి కూర్చుని మరీ తిడుతుంది. నల్ల టై మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాడు. చివరికి వెంట వచ్చిన ఓస్వాల్దో కట్టాడు.

బెనీసియో జీపు ముందు, లారీ వెనక. చక్రాలు జారకుండా మెల్లగా దిగారు. దారిపొడుగునా అతను, అక్కకి ఇరవై ఆరేళ్ళుగా బాకీపడ్డ జవాబు లోపల్లోపల అప్పజెప్పుకున్నాడు. 'తొయ్యకపోతే నీ దగ్గరికెలా రానే?' అంతే. ఇంతోటి మాటకి ఇన్నేళ్ళెందుకు పట్టిందో అతనికే తెలియలేదు.

పొద్దువాలుతుండగా ఇల్లు చేరాడు. బయట బెంచీలు లేవు, సిగరెట్లు కాల్చే మగాళ్ళు లేరు. ఊళ్ళో ఒక్కడూ రాలేదేమని అతనికి కోపం వచ్చింది.

ఎల్వీరా తలుపు తీసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గీసిన గడ్డం, మడత నలగని చొక్కా, టై, అన్నీ చూసింది.

"ఇప్పుడా రావడం? ఆ వేషమేమిటి నాయనా?"

"అక్క..."

"పోయి అరగంటయింది."

అతనికి అర్థం కాలేదు. "ఒంటిగంటకే చెప్పారు కదా!"

"ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాను. బాగాలేదు గనక. ఇంకేమని చెప్పించను?" అంటూనే ఎల్వీరా ఆగిపోయింది. చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

అతనికి దారిస్తూ ఆమే చెప్పింది. "మూడింటికి కట్టుడుపళ్ళు పెట్టమంది. 'బోసినోటితో తిడితే వాడికి ఒక్క ముక్క అర్థం కాదు' అంది. అయిదు దాకా దిండుకానుకుని కూర్చుంది. తర్వాత, 'మంచు మళ్ళీ పడినట్టుంది, వాడికి దారి లేదు. తీసెయ్యవే' అంది."

బెనీసియో లోపలికి వెళ్ళాడు. మంచం మీద అక్క నోరు లోపలికి ముడుచుకుపోయి, జీవితంలో మొదటిసారి మాట్లాడ్డానికేమీ లేనట్టు పడుకుని ఉంది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టై బిగుసుకుంటోంది గాని ఎలా విప్పాలో తెలియలేదు.

తలాపున స్టూలు మీద, గాజుగ్లాసులో, శుభ్రంగా కడిగిన పళ్ళసెట్టు గుమ్మం వైపు తిరిగి ఉంది.