ఆట కాదు, ఉమ్మి

ముసలావిడ బరువు ఇంకో రెండు కిలోలు తగ్గింది. నేను ఆవిడను తూకం మీద నుంచి దించుతుంటే బద్రియా మేడం నా ముఖంలోకి చూసి, "మా అమ్మ తిండి ఎవరు తింటున్నారు?" అని అడిగింది.

ఈ అరబ్బు దేశంలో, బుదైయాలోని వాళ్లింట్లో పనిమనిషిగా నాకిది మూడో ఏడు. ముసలావిడకు గొంతులో కేన్సరు. నెల రోజులుగా ఆసుపత్రిలో మెడకు కరెంటు పెడుతున్నారు. వండేదీ తినిపించేదీ నేనే కాబట్టి, తగ్గిన ప్రతి కిలో నా నేరమే.

కారు నడుపుతూ మేడం చెప్పింది: "ఈ రోజు డాక్టరమ్మ అమ్మను అడిగి కాగితం మీద రాసుకుంటుంది. తినడానికి అమ్మకు ఇబ్బందేమీ లేదని తేలిందా, నీ సెలవు ఖలాస్. ఆకలితో ఎందుకు మాడ్చావో పోలీసులకు చెప్పుకో."

నా సెలవు వచ్చే నెలే. రాజోలులో మా అమ్మ దగ్గర వదిలి వచ్చిన నా కూతురు అక్సాకు నాలుగేళ్లు నిండాయి. ఈ మధ్య ఫోనులో నన్ను ఆంటీ అంటోంది. కేసు పడితే దేశం దాటనివ్వరని విన్నాను. ఇంకో రెండేళ్లకు ఆ ఆంటీ అనే మాట కూడా మర్చిపోతుంది.

"ఇది వండేది అన్నం కాదు, ఇసక," అంది నా పక్కన కూర్చున్న ముసలావిడ. ఆవిడకు నేనంటే మొదటి నుంచీ పడదు. నాకూ అంతే.

ఆసుపత్రి గదిలో కుర్ర డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని కూర్చుంది. తలుపు దగ్గర నర్సు తబితక్క నిలబడి ఉంది. శుక్రవారం చర్చిలో తెలుగు ప్రార్థనప్పుడు కలుస్తుంటాం.

"అక్కా, ఏం కాగితమిది?" అన్నాను చిన్నగా.

"ఇంగ్లీషు ప్రశ్నల్ని అరబీలో పెట్టారే. ఇక్కడోళ్లకి సరిగ్గా అర్థమవుతున్నాయో లేదో ముందు కొంతమందిని అడిగి చూస్తారు. రెండు వారాలాగి మళ్లీ అడిగి, జవాబులు కలిసాయో లేదో చూస్తారు. నువ్వు మాత్రం నోరెత్తకు. పక్కనోళ్లు అందిస్తే చెల్లదంట."

డాక్టరమ్మ మింగడం గురించి అడిగింది.

"వంట మంచిదైతే రాయినైనా మింగుతాను," అంది ముసలావిడ. మేడం నన్ను చూసి తలాడించింది.

తరువాతి ప్రశ్నలో "లుఆబ్" అనే మాట వచ్చింది. మేడం చెల్లెలి పిల్లలు వచ్చి ఇల్లంతా గోల చేస్తే ముసలావిడ అరిచే మాటే అది అనిపించింది నాకు. ఆట. ముసలావిడ ముఖం ముడుచుకుంది.

"లేదు. ఈ వయసులో నాకెందుకవి?"

డాక్టరమ్మ 'లేదు' దగ్గర గీత పెట్టింది.

"విన్నావా? దేనికీ ఇబ్బంది లేదు," అంది మేడం నాతో.

నోరెత్తొద్దన్న మాట గుర్తుంది. అయినా ఆగలేక అడిగాను. "అక్కా, కేన్సరు మనిషిని ఆటల గురించి అడుగుతుందేంటి?"

"ఆటలేంటే నీ మొహం. నోట్లో ఉమ్మి జిగురుగా ఉంటోందా అంటోంది. పుస్తకాల అరబీలో ఉమ్మిని అలాగే అంటారు."

ఏడో తరగతిలో బడి మానేసిన నాకూ, బడి గడప తొక్కని ఆవిడకూ ఆ మాట ఒకేలా వినిపించింది. రోజూ పొద్దున్నే ఆవిడ నోట్లోంచి తడిగుడ్డతో నేను లాగేది బెండకాయ జిగురులా సాగుతుంది. ఆ జిగురు ఆ కాగితం మీద లేనే లేదు.

లేచి నిలబడ్డాను.

"కూర్చో," అంది మేడం.

నాకొచ్చిన వంటింటి అరబీలో, ఉమ్మికి ఇంట్లో వాడే మాటతో ముసలావిడకు చెప్పాను. "ఆట కాదు, అమ్మా. రీగ్. డాక్టర్ అడిగేది నీ రీగ్."

ముసలావిడ నన్ను కొట్టేలా చూసింది. "రీగా? అదెక్కడుంది నాకు? నోరంతా ఎండింది, మిగిలింది జిగురు. పొద్దున్నే ఇది గుడ్డ పెట్టి లాగితే తాడులా వస్తుంది. ఆ నోట్లో ఏం పెట్టినా ఇసకే."

డాక్టరమ్మ నామీద మండిపడింది. "నిన్నెవరు మాట్లాడమన్నారు? ఈ కాగితం పాడైంది." కానీ ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఏదో రాసుకుని, వైద్యం చేసే పెద్ద డాక్టర్ని పిలిచింది. ఆయన టార్చి వేసి నోరు చూశాడు. ఇకనుంచి పలచగా జావలే పట్టమన్నాడు.

"అయితే దీని వంట?" అంది మేడం.

"వంట ఎవరిదైనా ఒకటే. ఆ నోట్లోంచి దిగదు," అన్నాడు.

తిరుగుదారిలో కారు జిదాఫ్స్ ఊరు దాటింది.

"ఆ మాట నీకెవరు నేర్పారు?" అంది మేడం.

"నేనే," అంది ముసలావిడ. "రోజూ అడుగుతుంది, రీగ్ ఎలా ఉందని. నువ్వెప్పుడు అడిగావు?"

మేడం హారన్ కొట్టింది. ఎదురుగా బండ్లేమీ లేవు.

"మేడం, నా సెలవు?"

"రెండో కాగితం అయ్యాక పో. ఆ రోజు నువ్వు గది బయట ఉంటావు."

"ఇది పోతే నా నోరెవరు తుడుస్తారు?" అంది ముసలావిడ.

మేడం అద్దంలో నన్ను చూసింది. "పోయేముందు నాకు చూపించు," అంది, తిట్టినట్టుగానే.

మరునాడు పొద్దున్న గుడ్డ తడిపి మేడం చేతికిచ్చాను. మొదటిసారి లాగగానే ఆమె ముఖం తిప్పుకుంది. "ఇంకా లోపలికి, మేడం," అన్నాను. ఒక్కసారికి వచ్చేసే జిగురు కోసం మూడుసార్లు లాగించాను.